నాలుగు నూళ్ళ తప్పు

గాజువాక,
ఏప్రిల్ చివరి వారం

మావయ్యకి ఈశ్వరి నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడుతుంది, నేను చెప్పేది నీకు వినపడదు. ఇన్నేళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. చెవి మిషను కొనిస్తే గీ అని మోగుతోందని పెట్టెలో పడేశావు. మెసేజ్ పంపితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. అందుకే ఇంత లావు అక్షరాలతో ఉత్తరం రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

చేపల వేట నిషేధం అయ్యేదాకా పారాదీప్‌లో పడవల ఇంజన్లు బాగుచేసి వస్తానని షెడ్డు తాళం నా చేతిలో పెట్టావు. "ఆయిల్ మార్చు, బెల్టు మార్చు. పెద్ద పనొస్తే నానొచ్చినాక సూద్దారని సెప్పు" అన్నావు. పెద్ద పని వచ్చింది మావయ్యా. నువ్వొచ్చేదాకా ఆగమని మాత్రం నేను చెప్పలేదు.

కృష్ణంరాజు గారి లారీలు పరవాడ కరెంటు ప్లాంటు నుంచి బూడిద లోడ్లు తోలుతున్నాయి కదా. వాటి ఆయిల్ ఫిల్టరు ఎక్కడుంటుందో నీకు తెలుసు, సైలెన్సరు గొట్టానికీ స్టార్టరుకీ మధ్య ఇరుక్కుని. మార్చాలంటే మోచెయ్యి కాల్చుకోవాల్సిందే. డ్రైవర్లు వచ్చే ట్రిప్పుకి చూద్దామని వాయిదా వేస్తారు. బూడిదలో తిరిగే బండికి వాయిదాలు పనికిరావు. మొన్న డ్రైవరు దేవీప్రసాద్ లారీలో ఆయిల్ దించితే బెల్లం పాకంలా దిగింది.

రాజు గారితో చెప్పాను. ఫిల్టరుని అక్కణ్ణించి తీసేద్దాం, ఇంజన్ మీద దాని చోట ఒక పలక బిగిద్దాం, పలక నుంచి రెండు హోసులు లాగి ఫిల్టరుని బయట ఛాసిస్ పక్కన పెడదాం, ఎవరైనా నిలబడి మార్చుకోవచ్చు అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, ముందు దేవీప్రసాద్ బండికి చెయ్యి, బాగుంటే మిగతావాటి సంగతి చూద్దాం అన్నారు.

పక్క షెడ్ల వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూసి పోతున్నారు. ఒకాయన "అమ్మీ, వంటగేస్ పైపు కాదిది" అన్నాడు. "తెలుసు బాబూ, మీ ఇంట్లో గేస్ పైపు మార్చింది కూడా నానే" అన్నాను. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

హోసులు, ఫిట్టింగులు ఎలాంటివి తీసుకోవాలో నీకు తెలిసింది రాయి. సలహా అడుగుతున్నాను, పర్మిషన్ కాదు.

ఈశ్వరి


పారాదీప్,
మే మొదటి వారం

ఈశ్వరికి మావయ్య దీవెనలు.

నువ్వు పర్మిషన్ అడగవని తెలుసు. పుట్టినప్పుడు కూడా ఎవర్నీ అడగలేదు. డాక్టరు చెప్పిన రోజుకంటే ముందే బయల్దేరితే మీ అమ్మని హార్బరులో చేపల తట్ట ముందు నుంచి లేపి ఆటో ఎక్కించాం. ఆ తొందర ఇంకా పోలేదు.

సరే, విను. రేడియేటరుకి వాడే హోసు తేకు. చూడ్డానికి బాగానే ఉంటుంది గాని వేడి ఆయిలుకి లోపలి రబ్బరు మెత్తబడి పొరలుగా లేస్తుంది. ఆ పొరలు బేరింగుల్లోకి పోతే ఇంజనుకి విషమే. ఇనప జాలీ ఉన్న ఆయిల్ హోసే కొను. క్లిప్పులు బిగించి సరిపెట్టకు, కొనలు మిషను మీద ప్రెస్ చేయించు. ఫిట్టింగు మరలు ముందు చేత్తో తిప్పి చూడు. హాయిగా నడిస్తే అది దానికి జత. నడవకపోతే వేరేది తెచ్చుకో, పానా పట్టి పెళ్ళి చెయ్యకు. టేపు చుట్టడం వద్దు, దాని తునకలు ఆయిల్లో పడతాయి. సైలెన్సరుకి దూరంగా నడిపించు. ఇంజన్ ఊగుతుంది, ఛాసిస్ ఊగదు, కాబట్టి హోసు కాస్త వదులుగా ఉండాలి గాని మలుపు దగ్గర నలగకూడదు. ఫిల్టరు తల మీద బాణం గుర్తులుంటాయి, రెండు హోసులూ తారుమారు చెయ్యకు.

సైజు నాలుగుకి తగ్గకు. అంగుళానికి ఎనిమిది నూళ్ళని నీకు పలక మీద అఆల కంటే ముందు నేర్పాను. అందులో సగం. అంతకన్నా సన్నమైతే ఇంజన్ దాహం తీరదు.

నేనొచ్చేదాకా ఆగితే బాగుండేది. రాజు మంచివాడే, కానీ చుట్టూ ఉన్నవాళ్ళ మాట చెవిన వేసుకుంటాడు. పని బాగుంటే ఎవరూ చెప్పుకోరు. తేడా వస్తే గాజువాకంతా చెప్పుకుంటారు.

మీ అమ్మని ఎండు నెత్తళ్ళు పంపమను. ఇక్కడి కూరల్లో కారమే లేదు.

మావయ్య


గాజువాక,
మే రెండో వారం

మావయ్యా,

అయిపోయింది! నీ ఉత్తరం అందిన రోజే హోసుల షాపుకి ఫోన్ చేశాను. "నాలుగు కావాలి, ఇనప జాలీది, కొనలకి ఈ సైజు నట్లు" అని చెబితే సాయంత్రానికి ప్రెస్ చేసి పంపేశారు. స్కేలు పెట్టి చూశాను, సరిగ్గా అరంగుళం. మరలన్నీ చేత్తోనే నడిచాయి. టేపు చుట్టలేదు. సైలెన్సరు వైపు చూడకుండా హోసుల్ని ఛాసిస్ వెంబడి తీసుకెళ్ళి పట్టీలు వేశాను. ఆయిల్ ప్రెజరు మీటరు వైరుకి ఆ పలక మీదే చోటు ఉంటే అక్కడే పెట్టేశాను.

స్టార్ట్ చేసేటప్పుడు చుట్టూ జనం, వీధి నాటకానికి వచ్చినట్టు. మీటరు ముల్లు లేచి నిలబడింది. ఒక్క చుక్క కారలేదు. వంటగేస్ పైపు గురించి మాట్లాడినాయన వంగి బండి కింద చూసి, కారుతుందేమోనని కాసేపు ఎదురు చూసి, లేచి పోయాడు. ఆయన మోకాళ్ళు నొప్పి పుట్టడం తప్ప ఏమీ జరగలేదు.

రాజు గారు వెంటనే మిగతా బళ్ళు ఎప్పుడు తీసుకురమ్మంటావని అడిగారు. నాకు అంతకంటే ఏం కావాలి మావయ్యా? నువ్వు పక్కన లేకుండా చేసిన మొదటి పెద్ద పని ఇది.

ఈశ్వరి


గాజువాక,
మే మూడో వారం

మావయ్యా,

దేవీప్రసాద్ లారీ ఇంజన్ పట్టేసింది.

అనకాపల్లి దారిలో లోడుతో ఎత్తు ఎక్కుతుంటే లోపల టకటకమని కొట్టుకుందట. "ఆపీసినానక్కా, ఆపేసరికే అయిపోనాది" అన్నాడు పాపం. అతని తప్పేం లేదు. వేరే బండికి కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. ఆ వీధి పొడుగునా అందరూ షెడ్ల గుమ్మాల్లో నిలబడి చూశారు.

బేరింగులు విప్పితే పై పూత పోయి రాగి కనపడుతోంది. ఆయిల్ అందలేదు. తర్వాత హోసుని కోశాను. లోపలి బెజ్జంలో నా చిటికెన వేలి కొన కూడా దూరలేదు.

షాపు వాళ్ళతో తగాదా పెట్టుకుందామనే వెళ్ళాను. భీమశంకరరావు గారని ముసలాయన కౌంటర్లో ఉన్నారు, ఆయన గోడ మీద పట్టిక చూపించారు. హోసుల నంబర్లు మన నూళ్ళలో ఉండవు మావయ్యా. మనం అంగుళాన్ని ఎనిమిది చేస్తాం, వాళ్ళు పదహారు చేస్తారు. వాళ్ళ నాలుగంటే పావంగుళం. మనం నాలుగనేది వాళ్ళకి ఎనిమిది. నేను వాళ్ళ షాపుకి ఫోన్ చేసి మన షెడ్డు భాష మాట్లాడాను, వాళ్ళు వాళ్ళ భాషలో సరుకిచ్చారు. జాలీ, రబ్బరు కలిపి పైన అరంగుళం ఉంది. నేను కొలిచింది పైనే.

మరి మీటరు ముల్లు ఎందుకు నిలబడింది అంటావా? పలక మీద నేను వైరు పెట్టిన చోటు ఆయిల్ ఫిల్టరుకి వెళ్ళే వైపుంది, అంటే హోసులకి ముందే. పంపు ఎంత నెడుతోందో చూపించింది గాని బేరింగులకి ఎంత చేరుతోందో చూపించలేదు. దాన్ని చూసి నేను గర్వపడ్డాను.

తప్పు నాది. హోసు నోట్లో పెట్టుకుని ఒకసారి ఊదినా తెలిసేది. చుట్టూ అంతమంది నిలబడి ఉంటే, చేస్తున్న పని ఆపి మళ్ళీ చూసుకోవడం నామోషీ అనిపించింది.

రాజు గారు వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. నెమ్మదిగా "నిన్నేటి అంటానమ్మా, ఆడపిల్ల సేతికి ఇంజన్ ఇచ్చినోణ్ణి నన్ననుకోవాలి" అన్నారు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాను ఆడదాన్నని హోసు సన్నబడలేదు రాజు గారూ. సైజు తప్పు సెప్పినాను, అందుకు సన్నబడింది" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. మిగతా బళ్ళు వేరే షెడ్డుకి పంపే ఆలోచనలో ఉన్నారు.

నువ్వు రావద్దు. ఇది నేనే చూసుకుంటాను.

ఈశ్వరి


పారాదీప్,
మే నెలాఖరు

నా తల్లి ఈశ్వరికి మావయ్య దీవెనలు.

ఉత్తరం చదివాను. ఏడుస్తున్నావేమో అని భయమేసింది. నువ్వు ఏడవవని తెలుసు, అయినా భయమేసింది.

నువ్వేం బెంగ పెట్టుకోకు. రాజుకి ఫోన్ చేశాను. అవతలివాళ్ళు అనేది నాకు వినపడదు కాబట్టి చెప్పాల్సింది గట్టిగా చెప్పి పెట్టేశాను. "తప్పు నాది బాబూ. నాలుగని రాసినోణ్ణి నాను. పిల్లకేటి తెల్దు, నాను సెప్పినట్టు సేసింది. నానొచ్చేదాకా మీ బళ్ళ మీద సెయ్యెయ్యదు, నా మాట నమ్మండి" అన్నాను. ఇక నిన్నెవరూ ఒక్క మాట కూడా అనరు.

నిషేధం అవగానే వచ్చేస్తాను. అప్పటిదాకా షెడ్డుకి తాళం వేసి అమ్మ దగ్గర ఉండు. కాస్త నిద్రపో, కాస్త తిను.

మావయ్య


గాజువాక,
జూన్ మొదట్లో

ఎల్లారావు గారికి,

నమస్కారం. మీ ఫోన్ గురించి మీ ఉత్తరం కంటే ముందే నాకు తెలిసింది. వీధంతా తెలిసింది. మీకు వినపడదని మీరంత గట్టిగా అరిస్తే రాజు గారి పక్కనున్న వాళ్ళందరికీ వినపడింది. మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి "పాపం గుంట, మావయ్య సెప్పినట్టు సేసింది, దానికేటి తెలుస్తాది" అన్నాడు. నా నెత్తి మీద! చేతిలో పానా ఉంది కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఆ చెయ్యి అక్కడ ఉండనిచ్చేదాన్ని కాదు.

మీరు నాలుగని రాశారు. మీ నాలుగు సరైనదే. అది అరంగుళమని నాకు తెలుసు, మీకూ తెలుసు. షాపులో ఏ భాషలో అడగాలో తెలుసుకోవాల్సింది నేను. బెజ్జం చూడాల్సింది నేను. మీటరు వైరు ఎక్కడ పెట్టాలో ఆలోచించాల్సింది నేను. ఇందులో మీకు రవ్వంత వాటా కూడా లేదు. నన్ను అడక్కుండా నా తప్పు పట్టుకుపోయారు. నాకు తిరిగి ఇచ్చెయ్యండి.

మీకు నవ్వులాటగా ఉంటుందేమో, నాకు కాదు. తప్పు మీదైతే ఆ పని కూడా మీదే. నేను ఊరికే పానా అందించినదాన్ని. రేపు మిగతా బళ్ళన్నిటికీ నేను బ్రహ్మాండంగా చేసినా "ఎల్లారావు సెప్పినట్టు సేసింది" అంటారు. మీరు పోయాక కూడా అదే అంటారు. తప్పు చేసే హక్కు లేని మేస్త్రి మేస్త్రి కాదు. మీరు ఎన్ని ఇంజన్లు పాడుచేసి ఈ పని నేర్చుకున్నారో మీ నోటితోనే నవ్వుతూ చెప్పేవారు. అప్పుడు ఎవరైనా వచ్చి, పాపం మగపిల్లాడు, వాడికేం తెలుసు అన్నారా?

షెడ్డుకి తాళం వెయ్యను.

ఈశ్వరి


పారాదీప్,
జూన్ మొదటి వారం

ఈశ్వరికి,

ఎల్లారావు గారు అనే ఆయన ఇక్కడెవరూ లేరు. పోస్టుమేన్ ఈ ఉత్తరం పొరపాటున నాకిచ్చాడు.

ఆస్తి కోసం కొట్టుకునేవాళ్ళని చూశాను, తప్పు కోసం కొట్టుకునేదాన్ని నిన్నే చూస్తున్నాను. నేను ఎందుకు చేశానో నీకు అర్థం కాలేదు. మగవాడు ఇంజన్ పాడుచేస్తే ఆ ఇంజన్ గురించి నాలుగు రోజులు చెప్పుకుంటారు. నువ్వు పాడుచేస్తే నీ గురించి చెప్పుకుంటారు. నీ తర్వాత ఈ వీధిలోకి వచ్చే ఆడపిల్ల గురించి కూడా ముందే చెప్పేసుకుంటారు. నాకు ఎలాగూ వినపడదు. ఆ మాటలేవో నన్ననుకోనీ అనుకున్నాను. అంతే.

షెడ్డు నాది. తాళం వెయ్యమన్నాను, వెయ్యి. రాజుకి మాటిచ్చాను.

మావయ్య


గాజువాక,
జూన్ రెండో వారం

మావయ్యా,

తాళం వెయ్యలేదు. షెడ్డు నీదే, కాదనను. వచ్చాక వెళ్ళగొట్టు. మాట ఇచ్చింది నువ్వు, నేను కాదు.

నీ ఉత్తరం చదివాక గారు తీసేశాను గాని కోపం తీసెయ్యలేదు. నువ్వు చెప్పింది నిజమే. నా గురించి చెప్పుకుంటారు, నా తర్వాత వచ్చేవాళ్ళ గురించి కూడా చెప్పుకుంటారు. అయితే నీ వెనక దాక్కుంటే ఆ మాటలు ఆగుతాయా? ఈ ఆడపిల్లలందరికీ వెనక ఒక మావయ్య ఉండాలి అంటారు. నాకు అది ఇంకా అవమానం.

రాజు గారి ఆఫీసుకి వెళ్ళాను. అందరూ ఉన్నప్పుడే వెళ్ళాను. కోసిన హోసు బల్ల మీద పెట్టి "ఇది నాను తప్పు సెప్పి తెప్పించినాను. బెజ్జం సూడలేదు, పైపైన కొలిసినాను. అందుకు మీకు సెమాపణ సెప్తన్నాను. మా మావయ్యకి ఇందులో ఏటీ సంబంధం లేదు. ఆడదానిగా పుట్టినందుకు మాత్రం సెమాపణ సెప్పను, అది మీరు నన్నడగొద్దు" అన్నాను. భయమేసింది మావయ్యా, ఇప్పుడు చెబుతున్నాను. అక్కడ మాత్రం తెలియనివ్వలేదు. ఆ ఇంజన్ నేనే పాడుచేశాను కాబట్టి నేనే బాగుచేస్తాను, షెడ్డు ఖర్చుతో చేస్తాను, ఇంకొకడి చెయ్యి పడనివ్వను అన్నాను. ఆయన చాలాసేపు ఆ హోసు బెజ్జంలోంచి కిటికీ వైపు చూశారు. "సరే, ఎలాగూ పాడైందే కదా, సెయ్యి" అన్నారు.

చేశాను. క్రాంక్ సానపట్టించి, కొత్త బేరింగులు వేసి, ఆయిల్ దారులన్నీ కడిగి ఊదాను. ఈసారి షాపుకి ఫోన్ చెయ్యలేదు, నేనే వెళ్ళాను. "ఎనిమిది, అంటే లోపలి బెజ్జం అరంగుళం" అని చెప్పి, అక్కడే వేలు పెట్టి చూసుకున్నాను. భీమశంకరరావు గారు "హోసుకి పెళ్ళిచూపులా అమ్మా" అని నవ్వారు. నవ్వనీ. మీటరు వైరు తీసి ఫిల్టరు దాటాక, బేరింగులకి ఆయిల్ వెళ్ళే దారిలో పెట్టాను. కూడిన జనం ముందే పని ఆపి, రెండుసార్లు విప్పి చూసుకున్నాను. ఒకడు "భయమేటి?" అన్నాడు. "భయమే. నీకు లేదేటి?" అన్నాను.

దేవీప్రసాద్ లోడుతో అదే ఎత్తు ఎక్కి వచ్చాడు. నేను పక్క సీట్లో కూర్చుని ముల్లు మీంచి కళ్ళు తియ్యలేదు. కదలకుండా నిలబడింది.

అయినా రాజు గారు మిగతా బళ్ళు ఇవ్వడం లేదు. "మీ మావయ్య మాట ఇచ్చినాడు కదా, ఆయన్ని రానీ" అంటున్నారు. నేను చేసిన పని కళ్ళముందు నడుస్తుంటే కూడా నీ మాటే ఆయనకి పెద్దది. ఆ మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి. నువ్వు వచ్చి నా పక్కన నిలబడనక్కర్లేదు. అడ్డు తప్పుకో, చాలు.

ఈశ్వరి


పారాదీప్,
జూన్ రెండో వారం, ఆదివారం

ఈశ్వరికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. అడ్డు తప్పుకోమంటావా, నా చేతుల్లో పెరిగి? రెండోసారి మీటరు వైరు సంగతి చదివి, నేనైతే ఆ చోటు పట్టుకునేవాణ్ణా అని ఆలోచించాను. మూడోసారి సిగ్గేసింది. నిన్ను కాపాడుతున్నానని అనుకున్నాను గాని, నీకు కూలి చేసే చేతులు మాత్రం ఉంచి తలకాయ నేను తీసుకున్నానని తెలియలేదు.

రాజుకి ఫోన్ చేశాను. పక్కన పడవ ఓనరు ఉన్నాడు, అతను కూడా విన్నాడు. "బాబూ, నాను ఎల్లారావుని. మొన్న నాదని సెప్పిన తప్పు నాది కాదు. మా ఈశ్వరిది. దాన్నడక్కుండా పట్టుకొచ్చీసినాను, తిరిగి ఇచ్చేత్తన్నాను. అది మీ బళ్ళ మీద సెయ్యెయ్యదని ఇచ్చిన మాట కూడా ఎనక్కి తీసుకుంటన్నాను. ఆ మాట ఇయ్యడానికి నానెవణ్ణి? షెడ్డులో మేస్త్రి అది. ఏటున్నా దాన్నే అడగండి" అని చెప్పి పెట్టేశాను. ఆయన ఏమన్నాడో తెలియదు.

చేతులు ఖాళీగా ఉన్నట్టుంది ఇప్పుడు. అలవాటు చేసుకుంటాను. నిషేధం అయిపోవచ్చింది, పడవలు సముద్రంలోకి దిగుతున్నాయి, నేనూ బయల్దేరతాను.

మావయ్య


గాజువాక,
జూన్ మూడో వారం

మావయ్యకి ఈశ్వరి నమస్కారాలు.

ఈ ఉత్తరం నువ్వు రైలెక్కేలోపు అందుతుందో లేదో తెలియదు. అయినా జరిగింది చేతి రాతలోనే నీకు చెప్పాలనిపించింది.

రాజు గారు నిన్న పొద్దున్న వచ్చారు. ఆయన రెండో లారీ తనే తోలుకొచ్చారు. దిగి, షెడ్డంతా ఒకసారి చూసి, నీ కుర్చీ వైపు చూసి, కూర్చోకుండా నిలబడే అడిగారు.

"ఈసారి తప్పు జరిగితే ఎవర్నడగాలమ్మా?"

"నన్నే."

"మీ మావయ్య వచ్చినాక కూడానా?"

"వచ్చినాక కూడా నన్నే."

"బాగా నడిస్తే?"

"అదీ నాదే రాజు గారూ. తప్పొకటే నాది, మంచి ఇంకొకరిది అంటే ఒప్పుకోను."

నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. తాళాలు నా చేతిలో పెట్టలేదు కూడా. బండి సీటు మీద వదిలేసి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నీకు తెలుసు కదా, ఆయన మేస్త్రీల దగ్గర అలాగే వదిలేస్తారు. అమ్మాయిలకైతే చేతికి ఇస్తారు.

కాసేపు నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. తర్వాత బండి కిందకి దూరాను. నిన్ను తీసుకురావడానికి స్టేషనుకి రాలేను. నువ్వే ఆటో ఎక్కి వచ్చెయ్యి.

ఈశ్వరి